తొమ్మిది లక్షలు ఎవరితో చెబుతున్నట్టు?

కాకినాడలో మా పక్కిల్లు డాక్టరుగారిల్లు. డాక్టరుగారు పోయి పదకొండేళ్ళయినా రిక్షావాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ అది డాక్టరుగారిల్లే. ఇంటి పక్క రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద, ఆయన 1970 మోడల్ ఫియట్ 1100 ఉంది. ఈ మధ్య ఇల్లు అపార్టుమెంట్లకి ఇచ్చేశారు. బిల్డరు వచ్చేలోగా షెడ్డు ఖాళీ చెయ్యాలి. అందుకని పెద్దకొడుకు కారు అమ్మకానికి పెట్టాడు. పెట్టి ఎనిమిది నెలలైంది.

ఇందులో నా పాపం కూడా ఉంది. ఫోటోలు తీసింది నేను. ప్రకటన రాసింది నేను. 'డాక్టర్ యూజ్డ్. సింగిల్ ఓనర్. వింటేజ్. ఒరిజినల్ కండిషన్. ధర 9 లక్షలు. టైమ్‌పాస్ కాల్స్ వద్దు.' ఎనిమిది నెలల్లో వచ్చినవన్నీ టైమ్‌పాస్ కాల్సే.

మొన్న ఆదివారం రాజమండ్రి నుంచి ఆ పెద్దకొడుకు అక్కా బావా వచ్చారు. బావగారు బ్యాంకులో ముప్పై ఏళ్ళు అప్పులిచ్చి, వసూలు చేసి రిటైరైన మనిషి. భోజనాలయ్యాక షెడ్డు ముందు కుర్చీలేసుకున్నారు. మూడో కుర్చీ నాది. అక్కడ జరిగింది నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

బావ: ఏమోయ్, బండి పోయిందా?

బామ్మర్ది: ఇంకా లేదు బావా. అడుగుతున్నారు.

బావ: ఏమని?

బామ్మర్ది: 'లాస్ట్ ఎంత?' అని.

బావ: చూడ్డానికెంతమంది వచ్చారు?

బామ్మర్ది: ఇద్దరు. ఒకాయన పెట్రోలు వాసన చూసి చిన్నతనం గుర్తొచ్చిందన్నాడు. ఇంకొకాయన బానెట్ మీద చెయ్యేసి ఫోటో తీయించుకుని వెళ్ళిపోయాడు.

బావ: తొమ్మిది ఎక్కణ్ణుంచి తెచ్చావు?

బామ్మర్ది: గాల్లోంచి తేలేదు. హైదరాబాదులో ఒకాయన ఇదే బండి పదకొండు చెబుతున్నాడు. బెంగుళూరులో తొమ్మిదిన్నర. కోయంబత్తూరులో ఎనిమిది. నేను మధ్యలో పెట్టాను. అత్యాశకి పోలేదు.

బావ: హైదరాబాదాయన ఎప్పట్నుంచి చెబుతున్నాడు?

బామ్మర్ది: నాకన్నా ముందునుంచే.

బావ: అంటే ఏడాదిగా ఎవరూ కొనని బండిని చూసి నీ బండికి రేటు కట్టావు. పశువుల సంతలో అమ్ముడుపోని గొడ్డుని సాయంత్రానికి ఇంటికి తోలుకుపోతారు. ఈ సంతలో తోలుకుపోయేవాడు లేడు. అమ్ముడైనవి మాయమైపోతాయి, పోనివి కట్టుకొయ్యకే ఉంటాయి. కొత్తగా వచ్చినవాడు వాటినే చూసి ఇదీ రేటు అనుకుంటాడు. నీ తొమ్మిది చూసి రేపు తునిలో ఇంకొకడు తొమ్మిదిన్నర అంటాడు. అది చూసి హైదరాబాదాయన, చూశారా పెరిగింది, అంటాడు.

బామ్మర్ది: మరి అమ్ముడైన ధర నాకెక్కడ దొరుకుతుంది బావా? మీరే చెప్పండి.

బావ: దొరకదు. మన జబ్బంతా అక్కడే ఉంది. అమెరికాలో పెద్ద బళ్ళు బహిరంగ వేలంలో పోతాయి. 2018 ఆగస్టులో మాంటెరీలో ఫెరారి 250 జీటీఓ ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. ఆ అంకె మర్నాడు ప్రపంచమంతా చదివింది. రిజర్వు ధర అందక పాట ఆగిపోయిన బళ్ళ సంగతీ తెలుస్తుంది. మన దగ్గరో? కొన్నవాడు తక్కువకి కొట్టేశానంటాడు, అమ్మినవాడు ఎక్కువకి ఇచ్చానంటాడు, మధ్యలో బ్రోకరు ఇద్దరి మాటా నిజమే అంటాడు. మన స్థలాల రేట్ల లాంటిదే. రిజిస్ట్రారాఫీసులో ఒక విలువ, బేరం దగ్గర ఒక విలువ, టీకొట్టు దగ్గర మూడో విలువ. నువ్వు టీకొట్టు విలువ పట్టుకుని కూర్చున్నావు.

బామ్మర్ది: ఆ ఫెరారికి అంత పలికిందంటే పాతబండికి విలువుందనేగా.

బావ: అవి ముప్పై ఆరే చేశారు నాయనా. 1962 నుంచి 64 దాకా. ఫియట్లో? బొంబాయి ఊరంతా టాక్సీలు అవే. పేరు మార్చుకుని పద్మిని అయి, ఈ శతాబ్దం మొదటిదాకా కుర్లా ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉన్నాయి. ఆ నలుపూ పసుపూ టాక్సీల్లో చివరిది 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. పాతదీ అరుదైనదీ ఒకటి కావు.

బామ్మర్ది: ఇప్పుడు చెయ్యట్లేదుగా? ఉన్నవి తగ్గుతాయే గాని పెరగవు.

బావ: తగ్గేది బళ్ళేనా? కొనేవాళ్ళు తగ్గట్లేదూ? ఫియట్ మీద మోజున్నది ఎవరికి? నాకు, నీకు. నాకు అరవై ఎనిమిది. పవర్ స్టీరింగు లేని బండిని మలుపు తిప్పితే రాత్రికి భుజం పట్టేస్తుంది. నా కొడుకు దీన్ని చూసి ముచ్చటపడతాడు, కొనడు. వాడి మనసు ఆర్ఎక్స్ 100 బైకు మీద. వాడికి పదహారేళ్ళప్పుడు వీధి చివర్నించి వినబడ్డ చప్పుడు అది. వాడి కొడుకు మారుతీ 800 ఫోటోలు దాచుకుంటున్నాడు. ఎవరి పదహారేళ్ళు వాళ్ళు కొనుక్కుంటారు. మన పదహారేళ్ళు కొనేవాళ్ళు ఒక్కొక్కళ్ళే మోకాళ్ళ ఆపరేషన్లకి వెళుతున్నారు.

(ఇక్కడ బామ్మర్దికి కోపం వచ్చింది. టార్పాలిన్ సగం లాగేశాడు. లేత నీలం రంగు మధ్యాహ్నపు ఎండకి తళుక్కుమంది. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. ఆ కారు ముందుభాగం చూస్తే నాకెప్పుడూ అలిగిన పెద్దమనిషి గుర్తొస్తాడు.)

బామ్మర్ది: చూడండి. ఇది టాక్సీయా? ఒకే చేతిమీద నడిచిన బండి. ఎనభైల్లో, తొంభైల్లో ఊరందరూ పెట్రోలు ఇంజన్లు పీకేసి డీజిల్ ఇంజన్లు దించుకున్నారు. అంబాసిడర్లలో మటాడోర్ ఇంజన్లు పెట్టి ట్రాక్టర్లు చేశారు. నాన్న ఒప్పుకోలేదు. పుట్టినప్పటి 1089 సీసీ ఇంజనే ఇప్పటికీ. మీటరు ముప్పై రెండు వేలు చూపిస్తోంది.

బావ: ఆ మీటర్లో ఎన్ని అంకెలు?

బామ్మర్ది: అయిదు.

బావ: లక్ష దాటితే మళ్ళీ సున్నా. ఎన్నిసార్లు తిరిగొచ్చిందో ఆ మీటరుకే తెలియాలి. మీ నాన్నగారు ఈ బండిలో యానాం నుంచి పిఠాపురం దాకా పురుళ్ళు పోశారు. ముప్పై రెండు వేలట! తిరగని కారు చూడాలంటే హైదరాబాదు చౌమహల్లాకి వెళ్ళు. ఆరో నిజాము కోసం చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. బండి చేతికి రాకముందే, 1911లో, ఆయన పోయాడు. వందేళ్ళు దాటినా నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదు. దానికి ధర ఎవరూ చెప్పట్లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ అమ్మట్లేదు. చెప్పాల్సిన అవసరమే లేకపోవడం అసలు విలువ.

బామ్మర్ది: పోనీ మీటరు వదిలెయ్యండి. రెండేళ్ళ కిందట దీని మీద లక్షా ఎనభై వేలు పోశాను. టింకరింగు, పెయింటు, సీట్లు, టైర్లు, వైరింగు. అది ధరలోకి రాదా?

బావ: ఏదీ, ఒక్క నిమిషం.

(ఆయన లోపలికెళ్ళి ఫ్రిజ్ తలుపు మీదనుంచి తిరుపతి వేంకటేశ్వరస్వామి మాగ్నెట్ తెచ్చారు. జేబురుమాల్లో చుట్టారు. బానెట్ మీద పెడితే టక్కున అంటుకుంది. పైకప్పు మీద అంటుకుంది. డ్రైవరు తలుపు పైభాగం మీద కూడా అంటుకుంది. కిందికి జరుపుతూ, కింది నుంచి జానెడెత్తులో పెట్టి చెయ్యి తీశారు. స్వామి జారి కిందపడ్డాడు. బామ్మర్ది కళ్ళకద్దుకుని తీసి, తనే రెండో తలుపు మీద పెట్టాడు. అక్కడా అంతే. నాలుగు తలుపుల్లో మూడు.)

బావ: ఇనుముంటే పట్టుకుంటుంది. లప్పం ఉంటే జారుతుంది. కాకినాడ ఉప్పుగాలికి తలుపు అడుగులు తినేసుంటాయి. తుప్పు కోసేసి, కొత్త రేకు అతికి, గ్యాస్ వెల్డింగు చెయ్యాలంటే రోజులు పడుతుంది. పుట్టీ పెట్టి, రుద్ది, రంగు కొడితే రెండు పూటల్లో అయిపోతుంది. నీ లక్షా ఎనభైలో ఎంత రేకుకి పోయిందో, ఎంత పుట్టీకి పోయిందో ఆ షెడ్డువాడికి తెలుసు. వచ్చే కొనుగోలుదారు జేబులో కూడా ఇలాంటి మాగ్నెట్ ఉంటుంది.

బామ్మర్ది: (చాలాసేపటి తరవాత) నాకు తెలీదు బావా.

బావ: తెలీదని నాకు తెలుసు. నువ్వు మోసం చేస్తున్నావనట్లేదు. నువ్వు పెట్టిన డబ్బు నీ బాధ, వాడు చూసేది వాడి లాభం అంటున్నాను. మా బ్యాంకులో బంగారం మీద అప్పుకి వచ్చేవాళ్ళు. 'ఇది మా అమ్మమ్మ కాసులపేరండీ, మజూరీయే ఇంతైందండీ' అనేవాళ్ళు. అప్రైజరు పాపం వినేవాడు. విని, గీటురాయి మీద గీసేవాడు. అమ్మమ్మకి గ్రాముల్లేవు.

బామ్మర్ది: కార్లకి గీటురాయి లేదుగా!

బావ: లేదు కాబట్టే నోటికొచ్చిన ధర.

(నేను మధ్యలో కలగజేసుకుని, కొంచెం ఎక్కువ చెప్తేనే గదా బేరమాడ్డానికి చోటుంటుంది అన్నాను. బామ్మర్ది అందుకున్నాడు.)

బామ్మర్ది: అదీ! తొమ్మిదంటే ఆరుకి దిగుతాడు. ఆరంటే నాలుక్కి దిగుతాడు. మెయిన్ రోడ్డులో చీర కొన్నా అంతేగా.

బావ: చీరలకొట్లో బేరమాడేవాడు కొట్లోకి వచ్చి కూర్చున్నాడు. చీర చేత్తో పట్టుకున్నాడు. నీ తొమ్మిది చూసినవాడు వీధిలోకే రావట్లేదు. మూడు పెడదామనుకున్నవాడు తొమ్మిది చెప్పినవాడికి ఫోన్ చేసి మూడంటాడా? సిగ్గుపడతాడు. నువ్వు తిడతావేమోనని భయపడతాడు. పైగా 'టైమ్‌పాస్ కాల్స్ వద్దు' అని బోర్డు కూడా కట్టావు.

(ఆ బోర్డు నాది. నేను తలొంచుకున్నాను.)

బామ్మర్ది: సరే. ఇప్పుడు నా మాట వినండి. 1970లో ఈ బండి వచ్చిన రోజు మీకు తెలుసా? నాన్న బుక్ చేసి నాలుగేళ్ళు ఆగారు. అప్పుడు దేశంలో దొరికేవి అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్, అంతే. దేని ధర ఎంతుండాలో 1969లో సర్కారే ఆర్డరు వేసింది. పధ్నాలుగు, పదిహేను వేల దరిదాపుల్లో. గిట్టుబాటు కాదని కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. కారు ఎంతకమ్మాలో దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చుని లెక్కలు చూసింది. మరి బయట ఏమైంది? నాన్న బండి ఇంటికి తెచ్చిన వారానికే ఒక రైసుమిల్లు షావుకారు వచ్చి కొన్నదానిమీద నాలుగు వేలు ఎక్కువిస్తానన్నాడు. సర్కారు చెప్పిన ధర అబద్ధం, షావుకారు నోటితో అన్న ధర నిజం. నోటిధరని అంత చులకన చెయ్యకండి.

బావ: బాగా చెప్పావు. కాని ఆ ధర అన్నదెవరు? కొనేవాడు. చేతిసంచీలో నోట్లు పెట్టుకుని వచ్చినవాడు. నీ తొమ్మిది అన్నదెవరు? అమ్మేవాడు. నోరు ఒకటే, సంచీలో తేడా. ఆ నాలుగేళ్ళ క్యూ కూడా ఎన్నాళ్ళుంది? 1983 డిసెంబరులో మారుతీ వచ్చింది, 47,500కి. ఆ తరవాత ఫియట్ కోసం నాలుగేళ్ళు ఆగినవాణ్ణి చూపించు. ప్రీమియం మారుతీ మీదికి ఎక్కి కూర్చుంది. మోజు ఇల్లు మారుతుందోయ్, పాత ఇంటి అద్దె మాత్రం నువ్వు కొత్త రేటుకి అడుగుతున్నావు.

బామ్మర్ది: ఇప్పుడు రూలు కూడా మారింది. యాభై ఏళ్ళు దాటిన బండిని కేంద్రమే వింటేజ్ అంటోంది.

బావ: అంటోంది. 2021 జులైలో రూలు వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. పాత నంబరున్నవాళ్ళు అదే ఉంచుకోవచ్చు. ఇంగ్లండు క్లబ్బులవాళ్ళు చూస్తే నవ్వుతారు. వాళ్ళ లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా చేసినవి. మన బ్రోకర్ల లెక్కలో క్రోమ్ బంపరుంటే చాలు, 96 మోడల్ పద్మిని కూడా వింటేజే. సరే, నీ బండికి వయసు సరిపోతుంది. కాని ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్నాక దీంట్లో రోజూ ఆఫీసుకెళ్ళకూడదు. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకి. అంటే నీ దగ్గర కొనేవాడికి తిరగడానికి ఇంకో కారుండాలి, దీనికో షెడ్డుండాలి, కార్బురేటరు విప్పడం వచ్చిన మెకానిక్కు ఉండాలి, ఇంట్లో ఆవిడ ఒప్పుకోవాలి. అలాంటివాడు జిల్లాకి ఎంతమంది? వాడు నీ బండి ఒక్కటే చూస్తాడా, దేశంలో ఉన్నవన్నీ చూస్తాడా? అదలా ఉంచు. ఆర్సీ ఎవరి పేరు మీదుంది?

బామ్మర్ది: ...నాన్న పేరు మీద.

బావ: ఆయన పోయి?

బామ్మర్ది: పదకొండేళ్ళు.

బావ: రెన్యువల్?

బామ్మర్ది: 2005లో అయిపోయింది. నాన్న అప్పటికే నడపడం మానేశారు.

బావ: భేష్. ముందు వారసుల సర్టిఫికెట్టు, తరవాత ఫారం 31 పెట్టి నీ పేరు మీదికి, తరవాత ఫిట్‌నెస్, రెన్యువల్, అప్పుడు ఫారం 30. చనిపోయినాయన బండిని, లేని ఫిట్‌నెస్‌తో, లప్పం తలుపులతో, తొమ్మిది లక్షలకి ఇస్తున్నావు. అప్పు కోసం ఈ ఫైలు నా టేబులు మీదికొచ్చుంటే ప్యూను చేతే వెనక్కి పంపేసేవాణ్ణి.

(బామ్మర్ది లేచి షెడ్డు లోపలికి నడిచాడు. కారు వెనక నిలబడి అక్కణ్ణుంచే మాట్లాడాడు. ఇంతసేపూ సమర్థించుకున్న మనిషి ఎదురు తిరిగింది ఇక్కడే. ఈ మాటకి మాత్రం నేను ఆయన పక్షం.)

బామ్మర్ది: లాయరుగారి హెరాల్డ్ గుర్తుందా బావా? ఎర్రది. మద్రాసులో చేసిన బండి. బానెట్టు మొత్తం ముందుకి తెరుచుకునేది, మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. తొంభై ఎనిమిదిలో పాత ఇనప కొట్టువాడికి తూకానికి ఇచ్చేశారు. నా కళ్ళ ముందే సుత్తులతో విరగ్గొట్టి లారీలో వేశారు. ఎందుకిచ్చారు? దానికి ధర లేదనుకున్నారు. ఎవడైనా వచ్చి, 'అయ్యా, ఇది లక్ష పలుకుతుంది' అని అబద్ధం చెప్పుంటే బతికుండేది. ఆ ఒక్క అబద్ధం చెప్పేవాడు లేక చచ్చిపోయింది. ఇవాళ ఊళ్ళో ప్రతివాడూ తాతగారి బండి మీద టార్పాలిన్ కప్పుతున్నాడంటే కారణం మీరు వెక్కిరిస్తున్న ఈ నోటిధరలే. నిజం ధర చెప్పుకుంటూ కూర్చుంటే దేశంలో ఒక్క పాతబండి మిగిలేది కాదు.

బావ: (కొంచెం ఆగి) అది నిజమే.

బామ్మర్ది: నిజమే కదా!

బావ: నిజమే. నేనూ ఆ హెరాల్డ్ ఎక్కాను. కాని టార్పాలిన్ కింద ఏం జరుగుతోందో కూడా చెప్పు. ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు స్టార్ట్ చేశావు?

బామ్మర్ది: రెండు.

బావ: ట్యాంకులో పెట్రోలు జిగటవుతుంది. రబ్బరు సీళ్ళు ఎండి పగుళ్ళిస్తాయి. ఒకేచోట నిలబడ్డ టైరు అడుగు చదునైపోతుంది. ఎలకలు వైరింగు కొడతాయి, కొట్టాయి కూడా, ఇందాక చూశాను. హెరాల్డ్‌ని సుత్తితో కొట్టారు. దీన్ని ధరతో కొడుతున్నారు, నెమ్మదిగా. మూడు లక్షలకి కొని నెలకోసారైనా బీచ్ రోడ్డులో తిప్పేవాడు ఎక్కడో ఉన్నాడు. వాడికీ బండికీ మధ్య నీ ఆరు లక్షలు అడ్డంగా పడుకున్నాయి.

బామ్మర్ది: మార్కెట్టు పెరిగితే?

బావ: తగ్గితే? 1988లో ఎంజో ఫెరారి పోయాక ఆ కార్ల రేట్లు ఆకాశానికెక్కాయి. 1990 దాటాక ఢామ్మని పడ్డాయి. ఫెరారియే పడింది. పడేటప్పుడు కూడా ముందు పడేది చెప్పే ధర కాదు. ముందు ఫోన్లు ఆగుతాయి. అమ్మకాలు ఆగుతాయి. చెప్పే ధర మాత్రం చాలాకాలం తలెత్తుకునే ఉంటుంది. నీకు ఫోన్లు ఆగి ఎన్నాళ్ళయింది?

బామ్మర్ది: ...సంక్రాంతి నుంచి రాలేదు.

బావ: ఇంకోటి చెప్తాను విను. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి ఆవు, వాళ్ళు నెలోర్ అంటారు. వియాటినా 19 అని పేరు. ప్రపంచంలో అతి ఖరీదైన ఆవు, 43 లక్షల డాలర్ల పైమాటే అని గిన్నిస్‌లో ఎక్కింది. మనవాళ్ళందరూ ఫార్వర్డు చేసుకున్నారు. అసలు జరిగిందేమిటి? 2023 వేలంలో దాని మూడో వంతు వాటా అమ్ముడైంది. దాన్ని మూడుతో గుణించి మొత్తం ఆవు ధర అన్నారు. అంత డబ్బూ ఒక్కడు ఒక్కసారి కట్టలేదు.

బామ్మర్ది: మూడో వంతైనా ఎవరో నిజంగా కొన్నారుగా బావా. నా ఫియట్‌కి ఒక్క తలుపు కొనేవాడు కూడా రాలేదు.

(ముగ్గురం నవ్వాం. కాని 'మూడో వంతు' అన్న మాట దగ్గర బామ్మర్ది నవ్వు సగంలో ఆగింది. బావగారు అది చూశారు. బ్యాంకు మనిషి కదా, ఎదుటివాడి మొహంలో మారే రంగు చదవడం ఆయన వృత్తి.)

బావ: నిజం చెప్పు. ఈ తొమ్మిది కొనేవాడికి చెబుతున్నావా?

బామ్మర్ది: ఇంకెవరికి?

బావ: కొనేవాడికైతే ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా తగ్గించేవాడివి. వంకాయలమ్మేది కూడా మధ్యాహ్నానికి తగ్గిస్తుంది. నువ్వు తగ్గించలేదు. ఎవరికి చెబుతున్నావు?

బామ్మర్ది: (కుర్చీలో కూర్చుని) రెండున్నరకి ఒకాయన వచ్చాడు బావా. భీమవరం నుంచి. మంచి మనిషి. చేపల చెరువులున్నాయి, షెడ్డుంది, ఇంట్లో ఇంకో ఫియట్ కూడా ఉంది. కాగితాల సంగతి తనే చూసుకుంటానన్నాడు. ఇవ్వలేదు.

బావ: ఎందుకు?

బామ్మర్ది: ఇస్తే? ఇందులో అక్కకి వాటా ఉంది, తమ్ముడికి వాటా ఉంది. రెండున్నరకి ఇచ్చానంటే రేపు పెళ్ళిలోనో పేరంటంలోనో ఏమంటారు? పెద్దవాడు తెలిసినవాడికి కారుచౌకగా కట్టబెట్టాడు, లోపాయికారీగా ఎంత పుచ్చుకున్నాడో అంటారు. తమ్ముణ్ణి అడిగాను. వాడు న్యూజెర్సీలో కూర్చుని, 'తొమ్మిది లక్షలంటే పదివేల డాలర్లే కదన్నయ్యా, ఇక్కడ ఆ డబ్బుకి కొత్త కారే రాదు, తొందరపడకు' అన్నాడు. మరి మీరు! తాడేపల్లిగూడెం పెళ్ళిలో, బంతిలో కూర్చుని, 'మా మామగారి ఫియట్‌కి పది ఎక్కడికీ పోదు' అన్నది మీరు కాదూ? ఆ వరసలోనే నేను వడ్డిస్తున్నాను. పప్పుచారు గరిటె చేతిలో ఉంది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, పదికి దగ్గర్లో చెప్పకపోతే నేను దొంగనవుతానని.

(బావగారు మాగ్నెట్‌ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.)

బావ: పెళ్ళిలో ఏదో మాటవరసకి...

బామ్మర్ది: మాటవరసకే. ఎవరు మాత్రం కాగితం మీద రాసిచ్చారు? హైదరాబాదాయన పదకొండు కూడా వాళ్ళ ఇంట్లో ఏ బంతిలో పుట్టిందో. తగ్గించకుండా ఉన్నంతకాలం నేను నిజాయితీపరుణ్ణి. అమ్మిన క్షణం నుంచి లెక్క చెప్పుకోవాలి.

(వీధి గుమ్మంలో చీపురుపుల్లతో మిరపకాయల తొడిమలు తీస్తున్నట్టు నటిస్తూ అక్క ఇదంతా వింటూనే ఉంది. లేచి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక సీటు కిటికీ దగ్గర ఆగింది.)

అక్క: రెండున్నర అన్నాయనతో మళ్ళీ మాట్లాడతావా?

బామ్మర్ది: నీ వాటా, అక్కా...

అక్క: నా వాటా నాకొద్దు. కాగితం తే, రాసిస్తాను. ఈయన పెళ్ళిలో అన్నది నేనూ విన్నాను. ఆ మర్నాడు ఈయన మోకాలికి పట్టీ వేసింది కూడా నేనే. ఈయన మాటకి విలువ కట్టకు.

బావ: అదేమిటే...

అక్క: మీరాగండి. ఇప్పుడు చెప్పరా. ఎంతకిస్తావు?

(బామ్మర్ది ఆలోచించాడు. అక్క వాటా ధరలోంచి తీసేస్తున్నట్టు ఆయన పెదవులు లెక్కపెట్టాయి. ఆరు అన్నాడు. బావగారు ఏదో అనబోయి మానేశారు. నాలుగన్నర అన్నాడు. మాగ్నెట్ తీసుకుని, ఎందుకో మళ్ళీ ఒకసారి తలుపు కింద పెట్టి చూశాడు. మూడు, అన్నాడు. అక్క తలూపింది. భీమవరం నంబరు కోసం ఫోను తీశాడు. నేనూ నా ఫోను తీశాను, ప్రకటనలో అంకె మార్చడానికి.)

నేను: తొమ్మిది తీసి మూడు పెట్టెయ్యనా?

బామ్మర్ది: పెట్టు... ఆగాగు. మా తమ్ముడికి చెప్పొద్దూ? అక్కడిప్పుడెంతైంది?

నేను: తెల్లవారుజాము నాలుగున్నర.

బామ్మర్ది: ఉండవయ్యా మరి. వాణ్ణి లేవనీ.

(అంటూ టార్పాలిన్ మళ్ళీ కప్పేశాడు.)